ఆందోళన ముందు: ఎక్కడ పట్టుబట్టాలి, ఎక్కడ వదిలేయాలి?

ఆందోళనతో సతమతమయ్యే మనిషికి మన ఇళ్లలో రెండు సలహాలు దొరుకుతాయి. ఒకటి, "గట్టిగా ఉండు, మనసును అదుపులో పెట్టుకో." రెండోది, "మన చేతుల్లో ఏముంది, దేవుడి మీద భారం వేసి వదిలెయ్." చాలాసార్లు ఈ రెండూ ఒకే మనిషి నోటి నుంచి ఒకే పూట వస్తాయి. చెప్పేవాళ్లది ప్రేమే. వినేవాళ్లు మాత్రం ఇరుక్కుపోతారు. మనసును అదుపు చేద్దామని కూర్చుంటే దడ ఇంకా పెరుగుతుంది. వదిలేద్దామనుకుంటే చేయాల్సిన పని మూలన పడుతుంది.

మానసిక వైద్యంలోనూ వందేళ్లుగా వాదన ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతోంది. ఆ వాదనను దగ్గరి నుంచి చూస్తే నాకు అర్థమైంది ఇది: ప్రయత్నం పెట్టాల్సిన చోట మనం వదిలేస్తున్నాం, వదలాల్సిన చోట ప్రయత్నం పెడుతున్నాం. చిక్కంతా ఈ తారుమారులోనే ఉంది.

భయం, ఆందోళన, రుగ్మత

రోడ్డు దాటుతుంటే లారీ మీదికొస్తే కలిగేది భయం. ప్రమాదం కళ్లెదుటే ఉంటుంది, తప్పిపోగానే భయమూ దిగిపోతుంది. వచ్చే వారం రాబోయే స్కాన్ రిపోర్టు గురించి ఈ రాత్రి కడుపులో తిప్పినట్టుంటే అది ఆందోళన. ఒంట్లో జరిగేది రెండింటిలోనూ దాదాపు ఒకటే. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరచేతులకు చెమట పడుతుంది. ఆందోళనలో మాత్రం పారిపోవడానికీ తిరగబడడానికీ ఎదురుగా ఏమీ ఉండదు.

ఇంతవరకూ ఇది జబ్బు కాదు. రోజువారీ పనులకు అడ్డం పడే స్థాయికి వెళ్లినప్పుడే వైద్యులు దాన్ని రుగ్మత అంటారు. రకరకాల విషయాల మీద అదుపులేని చింత దాదాపు రోజూ ఉంటూ ఆరు నెలలు దాటితే, దానికి నిద్ర పట్టకపోవడం, అలసట, చిరాకు లాంటివి తోడైతే జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. ఉన్నట్టుండి దడ మొదలై, ఊపిరాడనట్టయి, ప్రాణం పోతుందేమోనన్న భయం నిమిషాల్లో తారస్థాయికి చేరితే అది పానిక్ అటాక్.

ఇంకో తేడా కూడా ముందే తెలుసుకుంటే మంచిది. సమస్య గురించి ఆలోచించడం వేరు, చింతించడం వేరు. ఆలోచన ఎక్కడో ఒక చోట "అయితే రేపు బ్యాంకుకు వెళ్లి అడుగుతాను" అని తేలుతుంది. చింత తేలదు. "ఒకవేళ ఇలా అయితే?" దగ్గర మొదలై, ఊరంతా తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. పైకి అది కష్టపడుతున్నట్టే కనిపిస్తుంది, అందుకే చింతించేవాళ్లకు తాము ఏదో చేస్తున్నామన్న భ్రమ కలుగుతుంది.

ఎంత టెన్షన్ మంచిది?

"కాస్త టెన్షన్ ఉంటేనే పిల్లలు చదువుతారు" అనే మాటకు వెనక ఒక పాత ప్రయోగం ఉంది. 1908లో అమెరికాలో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకలకు తెలుపు, నలుపు పెట్టెల మధ్య తేడా నేర్పారు. తప్పు చేసిన ఎలుకకు చిన్న కరెంటు షాక్ ఇచ్చేవారు. తేడా సులువుగా తెలిసేటప్పుడు షాక్ పెరిగేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టమైనప్పుడు మాత్రం మధ్యస్థమైన షాకే బాగా పనిచేసింది, గట్టి షాక్ పని చెడగొట్టింది. తర్వాతి తరాలు దీన్ని మనుషుల ఒత్తిడికి అన్వయించాయి. ఎలుకల షాక్ నుంచి ఇంటర్ విద్యార్థి టెన్షన్ దాకా రావడం చాలా పెద్ద గెంతు. అయినా కష్టమైన పనిని అతి ఒత్తిడి పాడుచేస్తుందన్నంత వరకు మన అనుభవానికీ అందుతుంది.

బుద్ధుడు సోణుడనే భిక్షువుకు చెప్పిన వీణ కథ కూడా ఈ కోవలోదే. తీగ మరీ బిగించినా పలకదు, మరీ వదులుగా ఉన్నా పలకదు. ఎంత పట్టు ఉండాలన్న ప్రశ్నకు ఇది మంచి జవాబు. కానీ ఆందోళనలో ఉన్నవాళ్లు పట్టును సగానికి తగ్గించినా సుఖపడరు, ఎందుకంటే ఆ సగం పట్టు కూడా తప్పు తీగ మీదే ఉండవచ్చు.

బీపీ మిషన్ ముందు

ఈమధ్య చాలా ఇళ్లలో కనిపించే దృశ్యం ఇది. యాభై దాటిన ఒకాయన సోఫాలో కూర్చుని చేతికి బీపీ పట్టీ చుట్టుకుంటాడు. 148 మీద 92 చూపిస్తుంది. "అబ్బే, సరిగ్గా కూర్చోలేదు" అనుకుని, వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి, మాట్లాడొద్దని ఇంట్లోవాళ్లకు సైగ చేసి మళ్లీ నొక్కుతాడు. పట్టీ ఉబ్బుతుంటే తగ్గాలి, తగ్గాలి అని లోలోపల అనుకుంటూనే ఉంటాడు. ఈసారి 156 వస్తుంది. మూడోసారి నొక్కేసరికి చేయి చల్లబడుతుంది, మెడ వెనక నరం కొట్టుకోవడం తెలుస్తుంటుంది. అరగంట కిందట ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్దామంటున్నాడు.

ఆయన కష్టపడలేదని ఎవరూ అనలేరు. పెట్టిన కష్టమే అంకెను పైకి నెట్టింది. ఇలా ఎందుకవుతుందో చూపిన ప్రసిద్ధ ప్రయోగం 1987 నాటిది. అమెరికాలోని టెక్సస్‌లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దంది, ఆలోచన వచ్చినప్పుడల్లా గంట కొట్టమంది. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత ఆలోచించమని చెప్తే, ముందు అణచుకున్నవాళ్లకు మిగతావాళ్లకంటే ఆ ఆలోచన ఎక్కువగా వచ్చింది. ఒక ఆలోచన రాకుండా చూడాలంటే అది వచ్చిందో లేదో మనసు కాపలా కాయాలి. ఆ కాపలాయే దాన్ని పిలుచుకొస్తుందని వెగ్నర్ వివరణ.

శరీరం విషయంలో ఇదే మాటను ఆస్ట్రేలియా వైద్యురాలు క్లెయిర్ వీక్స్ 1960లలోనే రోగులకు చెప్పింది. మొదటి భయం దానంతటదే వస్తుంది, "అయ్యో, మళ్లీ వచ్చింది, ఏమవుతుందో" అంటూ రెండో భయాన్ని మనం చేరుస్తాం. మొదటిదాన్ని ఆపలేం, అది కొద్దిసేపట్లో దిగిపోతుంది. రెండోది చేరుతున్నంత కాలం మాత్రం దిగదు. వయసులో ఉన్నప్పుడు ఆమె కూడా గుండె దడతో నలిగిన మనిషే.

నిద్రది కూడా ఇదే సంగతి. పదిన్నరకే లైటు ఆర్పి, "ఈరోజైనా పడుకోవాలి" అని కళ్లు బిగించుకునేవాళ్లకు నిద్ర రాదు. నిద్రలేమికి చేసే మానసిక చికిత్సలో అందుకే కొందరిని పడుకుని, కళ్లు తెరిచి మెలకువగా ఉండడానికి ప్రయత్నించమంటారు. నిద్ర కోసం చేసే కుస్తీ ఆగితే దానిపాటికది వచ్చే వీలుంటుంది.

గ్రూప్-1 అభ్యర్థి మూడు జాబితాలు

తెలంగాణ గ్రూప్-1 కథ తెలుగువాళ్లకు తెలిసిందే. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు, బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ఫలితాలొచ్చాక కూడా వ్యవహారం మళ్లీ హైకోర్టుకెక్కింది. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీ బల్లల మీద ఇన్నేళ్లు ఒకే పరీక్ష కోసం కూర్చున్నవాళ్ల ఆందోళనను మనోదౌర్బల్యం అనడం అన్యాయం.

అలాంటి ఒక అభ్యర్థిని ఊహించుకుని, ఆమె ముందున్నవాటిని విడదీసి చూద్దాం. రోజూ ఎన్ని గంటలు చదవాలి, ఎన్ని జవాబులు రాసి చూసుకోవాలి, ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలా, ఇంటికి నిజం చెప్పాలా అన్నవి ఆమె చేతుల్లో ఉన్నాయి. పేపర్ లీకేజీ, కోర్టు తీర్పు, కటాఫ్, పక్క అభ్యర్థి తెలివి ఆమె చేతుల్లో లేవు. ఇంతవరకు అందరికీ తెలిసిన లెక్కే.

గొడవ మూడో జాబితాతో వస్తుంది: ఆమె గుండె దడ, "ఈసారీ రద్దయితే" అనే ఆలోచన, పుస్తకం తెరవగానే గొంతులో అడ్డుపడే ముద్ద. ఇవి ఆమె లోపలివి కాబట్టి ఆమె చేతుల్లోనే ఉన్నాయని అందరూ అనుకుంటారు, ఆమె కూడా అనుకుంటుంది. "మనసు కుదుటపడ్డాక చదువుతాను" అంటుంది. కుదుటపరచుకోవడానికి టెలిగ్రామ్ గ్రూపులో కేసు ఏమైందో చూస్తుంది, లాయర్ల వీడియో వింటుంది, స్నేహితురాలిని అడుగుతుంది. మధ్యాహ్నానికి నాలుగు గంటలు గడిచిపోతాయి. రెండో జాబితా మీదా మూడో జాబితా మీదా రోజంతా చెమటోడ్చింది, మొదటి జాబితా అలాగే ఉండిపోయింది.

మూడో జాబితాను కూడా వదిలేయాల్సినవాటిలో చేరిస్తే రోజు వేరేలా నడుస్తుంది. దడ ఉంటుంది, ముద్ద ఉంటుంది, వాటితోనే పేజీ తిప్పాలి. చదువు సాగినందువల్ల దడ తగ్గుతుందన్న హామీ ఏమీ లేదు. సాగడానికి అది తగ్గాల్సిన అవసరం కూడా లేదు.

జపాన్ మనోవైద్యుడు షోమా మోరిటా తన వైద్యాన్ని దీని మీదే కట్టాడు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన్నీ దడ, నరాల బలహీనత పీడించాయి. ఇంటి నుంచి డబ్బు రాక కోపం వచ్చి, ఏమైతే అదే అవుతుందని మందులు పక్కన పడేసి చదువులో పడ్డాడు. మార్కులు బాగా వచ్చాయి, లక్షణాలూ వెనక్కి తగ్గాయి. 1920 ప్రాంతంలో ఆయన రూపొందించిన చికిత్సలో రోగి కొన్నాళ్లు పూర్తి విశ్రాంతితో మొదలుపెట్టి, చిన్న పనులు, తర్వాత పెద్ద పనులు చేస్తూ మామూలు జీవితంలోకి వస్తాడు. భావాలను ఉన్నవి ఉన్నట్టు ఉండనివ్వాలి, చేతులు చేయాల్సింది చేయాలి అన్నది ఆయన సూత్రం.

వదిలేశామనుకుంటూ తప్పించుకోవడం

కూకట్‌పల్లి నుంచి నాంపల్లికి మెట్రోలో ఆఫీసుకెళ్లే ఒకావిడకు ఒకరోజు రద్దీలో పానిక్ అటాక్ వచ్చిందనుకుందాం. మధ్యలోనే దిగిపోయింది. ప్లాట్‌ఫాం మీద గాలి తగలగానే ప్రాణం లేచొచ్చింది. ఆ ఉపశమనమే "దిగబట్టే బతికాను" అని నేర్పుతుంది. మర్నాడు క్యాబ్. కొన్నాళ్లకు ఒంటరిగా క్యాబ్ ఎక్కడమూ కష్టమవుతుంది. "నాకు మెట్రో పడదు, వదిలేశాను" అంటుంది. ఇక్కడ వదిలేసింది మెట్రోను. వదలాల్సిన దడను మాత్రం ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది.

కొన్ని నెలలకు ధైర్యం చేసి మళ్లీ ఎక్కుతుంది. చేతిలో నీళ్ల సీసా, పర్సులో మాత్రల స్ట్రిప్, తలుపు పక్కనే నిలబడడం, భర్తతో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉండడం. ఏమీ జరగలేదు. అయినా మరుసటి రోజు భయం అంతే ఉంది, ఎందుకంటే గండం గట్టెక్కించింది సీసా, స్ట్రిప్ అని మనసు లెక్క రాసుకుంది. పాల్ సాల్కోవ్‌స్కిస్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త వీటిని భద్రతా చేష్టలన్నాడు. ఎక్స్‌పోజర్ అనే చికిత్సలో ఆమె సీసా లేకుండా రెండు స్టేషన్లు ప్రయాణిస్తుంది, తర్వాత నాలుగు. గుండె కొట్టుకుంటే కొట్టుకోనిస్తుంది. రైలెక్కిన పాదానిది ప్రయత్నం, వదిలిపెట్టింది దడను. రెండూ ఒకే క్షణంలో జరుగుతాయి, ఒకటి మానేస్తే రెండోదానికి అర్థం ఉండదు.

ఇందులోనే ఒక సూక్ష్మమైన ఉచ్చు ఉంది. "ఒప్పుకుంటే పోతుందట" అని విని కొందరు ఒప్పుకోవడానికి కూర్చుంటారు. నిమిషానికోసారి లోపలికి చూసుకుంటారు, పోయిందా? ఇంకా పోలేదే! ఇది పేరు మార్చుకున్న పాత యుద్ధమే. దీనికి తేలికైన విరుగుడు ఎవరి దగ్గరా లేదు. చూపును లోపలి నుంచి ఎదుటి పని మీదికి మళ్లించడమే చాలామంది చికిత్సకులు చేసేది.

శ్లోకంలో మనం ఆపేసే చోటు

వదిలేయమని చెప్పేటప్పుడు మన పెద్దలు గీతలోని "కర్మణ్యేవాధికారస్తే" శ్లోకం ఎత్తుతారు. ఫలితం మీద నీకు అధికారం లేదు అన్న దగ్గర ఆగిపోతారు. ఆ శ్లోకం చివరి పాదం "మా తే సంగోఽస్త్వకర్మణి". పని చేయకపోవడం మీద మమకారం పెంచుకోకు అని. ఆరో అధ్యాయంలో మనసును పట్టడం గాలిని పట్టినంత కష్టమని అర్జునుడు అంటే, కృష్ణుడు నిజమేనని ఒప్పుకుని "అభ్యాసేన తు కౌంతేయ వైరాగ్యేణ చ గృహ్యతే" అంటాడు. అభ్యాసంతో, వైరాగ్యంతో అది పట్టుబడుతుందని. పతంజలి యోగసూత్రాల్లో కూడా అభ్యాసం, వైరాగ్యం జంటగానే వస్తాయి. ఒకదాని బదులు ఒకటి వాడుకోమని ఏ గ్రంథమూ చెప్పలేదు. అవి చెప్పింది క్లినిక్‌లో వచ్చే రుగ్మత గురించి కాదన్నదీ గుర్తుంచుకోవాలి. వాటిని మందు చీటీలా వాడితే జబ్బు మనిషి మీద అపరాధభావం కూడా పడుతుంది.

నిపుణులు ఒప్పుకోని విషయాలు

ఇంతవరకు చదివితే వైద్యులంతా ఒక్క మాట మీద ఉన్నారనిపించవచ్చు. లేరు. 1960లలో అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ మొదలుపెట్టిన దారి, ఇప్పుడు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటున్నది, ఆలోచనను పట్టుకుని ప్రశ్నిస్తుంది. "ఫెయిలైతే నా బతుకు ముగిసినట్టే" అన్నదానికి ఆధారమేమిటి? ఇంకోలా చూడలేమా? అమెరికా మనస్తత్వవేత్త స్టీవెన్ హేస్ ప్రతిపాదించిన ఏసీటీ (యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ) ఆ వాదన అనవసరమంటుంది. ఆలోచనను ఆలోచనగా చూసి, నీకు విలువైన పని చేసుకుంటూ పో అంటుంది. హేస్ స్వయంగా పానిక్ అటాక్‌లు పడిన మనిషి. మొదటి వర్గం దృష్టిలో రెండోది నిజంగా తప్పైన నమ్మకాన్ని సరిదిద్దకుండా వదిలేస్తుంది. రెండో వర్గం దృష్టిలో మొదటిది రోగిని తన బుర్రతో అంతులేని తగాదాకు దింపుతుంది. రెండింటినీ నేరుగా పోల్చిన 2012 నాటి ఒక అమెరికా అధ్యయనంలో రోగులు దాదాపు సమానంగా బాగుపడ్డారు. నాకైతే ఇందులో వింత కనిపించలేదు, ఎందుకంటే రెండు దారులూ చివరికి మనిషిని తప్పించుకున్న పని దగ్గరికే పంపుతాయి.

ఊపిరి వ్యాయామాల మీద కూడా భేదం ఉంది. నెమ్మదిగా ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గడం నిజం. అయితే పానిక్ రోగికి అదే కొత్త నీళ్ల సీసా అవుతుందని కొందరు చికిత్సకులు దాన్ని పక్కన పెడతారు. మిగతావాళ్లు మొదటి వారాల్లో ఆ ఆసరా ఉండాలంటారు. ధ్యానం విషయంలో 2022లో వెలువడిన అమెరికా ప్రయోగం ఒకటి ఉంది. ఆందోళన రుగ్మత ఉన్న 276 మందిలో కొందరికి ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ, మిగతావారికి ఎస్సిటాలోప్రామ్ అనే ఆందోళన తగ్గించే మందు ఇచ్చారు. ధ్యానం మందుకు తీసిపోలేదని తేలింది. మందు పనిచేయదని అది చెప్పలేదు, రెండు వర్గాలూ మెరుగుపడ్డాయి.

మందు వేసుకోవడం ఓడిపోవడమే అనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. దడతో ఇల్లు కదలలేని మనిషికి అడుగు బయట పెట్టే సత్తువను మందు ఇవ్వగలదు, అప్పుడే మిగతా చికిత్స మొదలవుతుంది. కాకపోతే మందులన్నీ ఒకటి కావు. ఎస్సిటాలోప్రామ్ లాంటివి పనిచేయడానికి వారాలు పడుతుంది. మత్తునిచ్చే అల్ప్రాజోలం గంటలోపే పనిచేస్తుంది, అందుకే అలవాటు పడడమూ తేలిక. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఇదీ ఒకటి. దాడులు జరిగి ఆ కల్లు దొరక్కపోయినప్పుడు వణుకు, ఫిట్స్, మతి భ్రమతో జనం ఆసుపత్రులకు చేరిన సందర్భాలున్నాయి. ఏళ్లుగా ఆ మాత్ర వేసుకుంటున్నవాళ్లు ఉన్నపళంగా మానేయడం కూడా అంతే ప్రమాదం. డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి.

తల్లిదండ్రుల వంతు

హాస్టల్ నుంచి ఇంటర్ అమ్మాయి రోజూ ఫోన్ చేసి "అమ్మా, నేను పాసవుతానా?" అంటుంది. "అవుతావు తల్లీ" అంటుంది అమ్మ. పది నిమిషాలు నెమ్మదిస్తుంది, రాత్రికి మళ్లీ అదే ప్రశ్న. అమ్మ ఇచ్చే భరోసా కూడా ఇక్కడ సీసా పనే చేస్తోంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ పిల్లలను చూడకుండా తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చే పద్ధతిని పరీక్షించాడు. 124 మంది పిల్లల మీద చేసిన ఆ అధ్యయనంలో అది పిల్లలకు నేరుగా చేసే సీబీటీకి సమానంగా పనిచేసింది. అందులో తల్లిదండ్రులు పిల్లల భయాన్ని తీసిపారేయరు, దానికి ఊడిగమూ చేయరు. "నీకు కష్టంగా ఉందని తెలుసు. నువ్వు తట్టుకోగలవని కూడా నాకు తెలుసు" అని చెప్పి, పదోసారి భరోసా ఇవ్వకుండా ఆగుతారు. బిడ్డ ఏడుస్తుంటే ఆగడం ఏ తల్లికీ తేలిక కాదు. ఆ పద్ధతిలో అసలు కష్టం పెద్దవాళ్లదే.

ఈ లెక్క పనిచేయని చోట్లు

ఇంటి ముందు అప్పులవాళ్లు నిలబడినప్పుడు, ఆఫీసులో పైవాడు వేధిస్తున్నప్పుడు, ఇంట్లో దెబ్బలు తింటున్నప్పుడు వచ్చే ఆందోళన సరైన సమాచారమే. అలాంటివాళ్లకు "ఒప్పుకో, ఉండనివ్వు" అని చెప్తే అన్యాయాన్ని ఓర్చుకోమన్నట్టే. వదలాల్సింది దడనే తప్ప పరిస్థితిని కాదు. వాళ్లకు కావాల్సింది డబ్బు, చట్టం, తోడు.

శరీరం వల్ల వచ్చే దడ కూడా ఉంటుంది. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తహీనత ఉన్నా, గుండె లయ తప్పినా అచ్చం ఆందోళనలాగే ఉంటుంది. మొదటిసారి ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు దాన్ని "ఉండనివ్వడం" తప్పు, ముందు ఈసీజీ తీయించాలి. అన్నీ బాగున్నాయని తేలాక పదో ఈసీజీ అడిగినప్పుడే పైన చెప్పిన లెక్క మొదలవుతుంది.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నప్పుడు ఈ వ్యాసంలోని ఏ సూత్రమూ ఒంటరిగా ప్రయత్నించదగ్గది కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి.